మొటిమలు - మందులు - మనం

వార్షిక సంచికలో కవితలుంటాయి, కథానికలుంటాయి, దేశం ఎటు పోతున్నదన్న వ్యాసం ఒకటైనా తప్పకుండా వుంటుంది. వాటి మధ్య మొటిమల గురించి వ్యాసమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కాని చదవండి. నేను ఫార్మకాలజీ పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి, చర్మవ్యాధుల డాక్టర్ని కాను. అయినా క్లాసు అయిపోయాక తక్కినవాళ్లంతా వెళ్లిందాకా గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచో హ్యాండుబ్యాగులోంచో ఒక మందు రేకు తీసి "సార్, ఇది వాడొచ్చునా?" అని అడిగేవాళ్లు ప్రతి యేడూ వుంటున్నారు. ఆ రేకు మీద చాలాసార్లు కనిపించే పేరు ఐసోట్రెటినోయిన్. ఎవరు రాసిచ్చారంటే, "మా రూమ్మేటు వాడుతున్నాడు సార్, అతనికి బాగా తగ్గింది" అన్నది మామూలుగా వచ్చే జవాబు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, పక్కవాడి మందు మీద మనకు గురి ఎక్కువ. పుల్లకూరతో వచ్చే నష్టం లేదు. ఈ మందుతో వుంది.

ముందు మొటిమ సంగతి. మన చర్మంలో వెంట్రుక కుదుళ్లను అంటిపెట్టుకుని నూనె గ్రంథులుంటాయి. యుక్తవయసు రాగానే ఆండ్రోజెన్ అనే హార్మోన్ల ప్రభావంతో ఇవి పెద్దవై జిడ్డును ఎక్కువగా వూరుస్తాయి. ఆండ్రోజెన్లు మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకూ వుంటాయి. అదే సమయంలో రంధ్రం మూతి దగ్గర చర్మకణాలు రాలిపోకుండా పేరుకుని బిరడా వేసినట్టు మూసుకుంటుంది. లోపల చిక్కుకున్న జిడ్డులో ఒక బాక్టీరియా పెరుగుతుంది. పాతకాలపు పుస్తకాల్లో దాని పేరు ప్రొపియోనిబాక్టీరియం ఆక్నెస్. 2016లో క్యూటిబాక్టీరియం అని మార్చారు. దానికీ మన శరీర రక్షణవ్యవస్థకూ జరిగే పోరాటంలో వాపు, ఎరుపు, చీము పుడతాయి. ఇందులో మురికి పాత్ర ఏమీ లేదు. రోజుకు పదిసార్లు సబ్బుతో ముఖం రుద్దుకునేవాళ్లు చర్మాన్ని మంట పెట్టుకోవటం తప్ప సాధించేది లేదు. "వయసు మొటిమలు, పెళ్లయితే అవే పోతాయి" అని పెద్దలంటారు. పెళ్లికీ నూనె గ్రంథులకూ సంబంధం వున్నట్టు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

నాలుగు మొటిమలు వచ్చి పోవటం ఎలాగూ అందరికీ వుండేదే. వాటికి అమ్మమ్మ గంధం అరగదీసి పెట్టినా, సున్నిపిండి రాసినా నష్టం లేదు. నిమ్మరసం, టూత్‌పేస్టు మాత్రం వద్దు, చర్మం కాలుతుంది. నేను చెప్పబోయేది వీటి గురించి కాదు. చర్మం అడుగున గోళీకాయలంత గడ్డలు లేచి, పట్టుకుంటే సలిపి, లోలోపల పగిలి, ఒకదానితో ఒకటి కలిసిపోయే రకం మొటిమలుంటాయి. ముఖం మీదే కాదు, వీపు మీద, ఛాతీ మీద కూడా వస్తాయి. ఇవి మానినా గుంటలు మిగులుతాయి. మొటిమ మందుకు లొంగుతుంది గాని, ఒకసారి పడ్డ గుంటను పూర్తిగా పూడ్చగల పూతమందు ఈనాటికీ లేదు. అందుచేత ఇలాంటి మొటిమలు వున్నవాళ్లు "చూద్దాం, అవే పోతాయి" అని రెండు మూడేళ్లు వూరుకోవటం కూడా ప్రమాదమే. గ్రూపు ఫోటో తీసేటప్పుడు వెనక వరసలోకి జరిగే విద్యార్థి, సెమినారుకు పేరిచ్చి ఆనాడు రాని విద్యార్థిని ప్రతి క్లాసులోనూ వుంటారు. అది సోకు కోసం పడే బాధ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

డాక్టర్లు మామూలుగా చిన్న మందులతో మొదలుపెడతారు. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వంటి పూతమందులు మొటిమ మీద చుక్క పెట్టటానికి కాదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయటానికి. ఫలితం తెలియటానికి రెండు మూడు నెలలు పడుతుంది. పదిరోజులు రాసి "పని చేయలేదు" అని పారేసేవాళ్లే ఎక్కువ. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన తలగడ గలీబు, రంగు చొక్కా తెల్లబోతాయి. కంగారు పడనక్కర లేదు, పాత తువ్వాలు వాడుకోండి. వీటికి తోడు డాక్సీసైక్లిన్ వంటి యాంటిబయాటిక్ రాస్తే, అది నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకుండా వుండాలి. లేకపోతే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. యాంటిబయాటిక్‌ను సాధారణంగా మూడు నెలలకు మించి సాగదీయరు, ఒక్కదాన్నే వాడరు. అలా వాడితే బాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది.

వీటికి లొంగని మొటిమలకు, గుంటలు పడుతున్న మొటిమలకు ఇచ్చేది ఐసోట్రెటినోయిన్. ఇది విటమిన్-ఏ కుటుంబానికి చెందిన మందు. విటమిన్-ఏ తెలుగునాట కొత్త మాట కాదు. చిన్నపిల్లలు చూపు కోల్పోకుండా ఆరునెలలకొకసారి ఆ విటమిన్ ద్రవాన్ని పట్టించే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది, దానికి మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలే ఆధారం. విటమిన్-ఏ ఎక్కువ మోతాదులో మింగిస్తే మొటిమలు తగ్గుతాయేమో అని పాశ్చాత్య డాక్టర్లు అంతకు చాలా ముందే ప్రయత్నించారు గాని, మొటిమ కంటే మందు చేసే హాని ముందు కనిపించేది. ఆ అణువును కొద్దిగా మార్చి తయారుచేసినదే ఐసోట్రెటినోయిన్. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసే గ్యారీ పెక్, ఆయన సహచరులు ఏ మందుకూ లొంగని 14 మంది రోగులకు దీన్నిచ్చి చూస్తే 13 మందికి మొటిమలు పూర్తిగా పోయాయి. మందు ఆపిన తరువాత కూడా నెలల తరబడి తిరిగి రాలేదు. చర్మశాస్త్రంలో అదొక సంచలనం. 1982లో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది.

ఇది నూనె గ్రంథిని కుంచింపజేస్తుంది. జిడ్డు కొన్ని వారాల్లోనే బాగా పడిపోతుంది, రంధ్రం మూతి తెరుచుకుంటుంది, తిండి కరువై బాక్టీరియా తగ్గిపోతుంది, వాపూ తగ్గుతుంది. మొటిమకు మూలమైన నాలుగు కారణాల మీదా ఒకేసారి దెబ్బ కొట్టే మందు నాకు తెలిసి ఇదొక్కటే. అయితే జిడ్డు తగ్గించమని మనం చెప్పింది ముఖానికి. మందుకు ఆ తేడా తెలియదు. పెదవులు దాదాపు అందరికీ ఎండి పగులుతాయి. కళ్లు ఎండుతాయి, ముక్కు లోపల ఎండి ఒక్కోసారి రక్తం కారుతుంది. పెట్రోలియం జెల్లీ జేబులో వుంచుకుని రోజుకు ఐదారుసార్లు పెదవులకు రాసుకోవాలి. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్లకు అవి గుచ్చుకుంటాయి, ఆ కొన్ని నెలలూ కళ్లద్దాలే నయం. ఎండ త్వరగా మాడుస్తుంది, మన ఏప్రిల్, మే ఎండల్లో టోపీ, గొడుగు, సన్‌స్క్రీన్ లేకుండా తిరగరాదు. ఆటగాళ్లకు కండరాల నొప్పులు, నడుం నొప్పి రావచ్చు. అరుదుగా కొందరికి రాత్రిచూపు మందగిస్తుంది. రాత్రిళ్లు మోటారుసైకిలు మీద వూరెళ్లే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వీటిలో ఎక్కువ భాగం మందు ఆపాక సర్దుకుంటాయి.

మొదటి నెలలో మొటిమలు తగ్గటానికి బదులు కొందరికి పెరుగుతాయి. సొంతంగా మింగేవాళ్లు ఇక్కడే రెండు దారులు పడతారు. కొందరు భయపడి మానేస్తారు, కొందరు చాలటం లేదనుకుని రెండు క్యాప్సూళ్లు వేసుకుంటారు. రెండోది మరీ ప్రమాదం. తీవ్రమైన మొటిమలున్న మనిషికి ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే, అరుదుగానైనా, మొటిమలు పుండ్లుగా మారి జ్వరం, కీళ్లనొప్పులతో మంచానపడే స్థితి వస్తుంది. డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెట్టేది ఇందుకే.

మోతాదు లెక్క మన విద్యార్థులకు బోధపడనిదేమీ కాదు. తీవ్రమైన మొటిమలకు రోజుకు శరీరపు బరువులో కిలోకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము దాకా ఇస్తారు. చికిత్స మొత్తం మీద కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరాలన్నది చిరకాలంగా పాటిస్తున్న లక్ష్యం. 50 కిలోల మనిషికి అది 6000 నుంచి 7500 మిల్లీగ్రాములు. రోజుకు 40 చొప్పున వేసుకుంటే ఐదారు నెలలు పడుతుంది. అంతకంటే తక్కువ తీవ్రత వున్నవాళ్లకు మన దేశంలో చిన్న మోతాదులు ఎక్కువ కాలం ఇచ్చే పద్ధతి కూడా వుంది. ఇక రూమ్మేటు రేకు సంగతి చూడండి. అతని బరువు 75 కిలోలు కావచ్చు, మీది 48 కావచ్చు. అతని రక్తపరీక్ష బాగుండవచ్చు, మీ రక్తంలో కొవ్వు ముందే ఎక్కువ వుండవచ్చు. అతనికి సరిపోయిన లెక్క మీకెలా సరిపోతుంది?

రక్తపరీక్ష అంటే విసుక్కుంటారు గాని, దానికి కారణం వుంది. ఈ మందు కొందరిలో రక్తంలోని ట్రైగ్లిజరైడ్ అనే కొవ్వును పెంచుతుంది, మరీ పెరిగితే క్లోమం వాస్తుంది. కాలేయపు ఎంజైములూ పెరగవచ్చు. పైకి ఏ లక్షణమూ వుండదు కనుకనే పరీక్ష. మొదలుపెట్టేముందు ఒకసారి, ఒకటి రెండు నెలల తరువాత మరోసారి చేయిస్తారు. మందు వాడుతున్న కాలంలో మద్యం ముట్టకూడదన్న నియమం కూడా ఇందుకే. ఫేర్‌వెల్ పార్టీలకు మినహాయింపు లేదు.

భోజనం విషయం చాలామందికి తెలియదు. ఇది కొవ్వులో కరిగే మందు. కొవ్వున్న ఆహారంతో వేసుకుంటే, ఖాళీ కడుపుతో వేసుకున్నప్పటికంటే రెండింతలకు పైగా మందు రక్తంలోకి చేరుతుంది. హాస్టలు మెస్సులో ఉత్త ఇడ్లీ మీద వేసుకుని, కొన్న మందులో సగం వృథా చేసుకునేవాళ్లున్నారు. పప్పులో నెయ్యి పడే మధ్యాహ్న భోజనమో, కూరా పెరుగూ వున్న రాత్రి భోజనమో మేలు. క్యారెట్టు, మునగాకు తినవచ్చు, వాటిలోని పదార్థాన్ని శరీరం తనకు కావలసినంతవరకే విటమిన్-ఏగా మార్చుకుంటుంది. బలానికని విటమిన్-ఏ మాత్రలు మాత్రం వేసుకోకూడదు. అది విషం మీద విషం.

అంతకంటే ముఖ్యమైనది డాక్సీసైక్లిన్ సంగతి. ఒక డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ మింగుతూ, తొందర తగ్గక స్నేహితుడిచ్చిన ఐసోట్రెటినోయిన్ కూడా కలిపేవాళ్లుంటారు. ఈ రెండూ కలిస్తే మెదడు చుట్టూ ద్రవపు ఒత్తిడి పెరిగే ప్రమాదముంది. విడవని తలనొప్పి, వాంతి, చూపు మసకబారటం దాని గుర్తులు. పరీక్షల ముందు వచ్చే తలనొప్పి అనుకుని ఏదో నొప్పి మాత్ర వేసుకుని కూర్చుంటే చూపుకే ముప్పు రావచ్చు. వెంటనే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు చెప్పబోయేది విద్యార్థినులు రెండుసార్లు చదవాలి. విద్యార్థులు కూడా చదవాలి, ఎందుకంటే రేకులు చెల్లెళ్లకూ స్నేహితురాళ్లకూ చేరేది వాళ్ల చేతుల మీదుగా కూడా. గర్భంతో వున్న స్త్రీ ఈ మందు వాడితే బిడ్డ ముఖం, చెవులు, గుండె, మెదడు వికృతంగా ఏర్పడవచ్చు. గర్భస్రావం కావచ్చు. కొద్దిరోజులు వాడినా ప్రమాదమే, సురక్షితమైన మోతాదంటూ లేదు. ఇది తెలియక జరిగిన దుర్ఘటన కాదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ముందే తెలుసు, 1982లోనే హెచ్చరిక వుంది. అయినా ఏడాది తిరక్కుండా అమెరికాలో అలాంటి బిడ్డలు పుట్టిన వార్తలు వచ్చాయి. 1988లో గర్భనివారణ కార్యక్రమం పెట్టారు, అదీ చాలక 2006 నుంచి డాక్టరు, మందుల షాపు, రోగి ముగ్గురూ పేరు నమోదు చేసుకుంటే తప్ప మందు చేతికి రాని ఏర్పాటు చేశారు. మన దగ్గర డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న చట్టం వుంది. చట్టం వున్నచోటే కౌంటరు మీద రేకు చేతులు మారటం కూడా మనకు తెలిసిందే. అక్కడ ఆగవలసిన కంప్యూటరు లేదు కనుక, మన తెలివే ఆగాలి.

నియమం ఇది. మొదలుపెట్టే ముందు గర్భపరీక్ష చేయించుకోవాలి. మందుకు ముందు ఒక నెల, వాడుతున్నంతకాలం, ఆపాక మరో నెల గర్భం రాకుండా కచ్చితమైన జాగ్రత్త తీసుకోవాలి. ఆ చివరి నెల ఎందుకంటే, మందు శరీరం నుంచి పూర్తిగా వెళ్లిపోవటానికి. నెల గడిచాక పుట్టబోయే బిడ్డలకు దీనివల్ల భయం లేదు, భవిష్యత్తులో సంతానానికీ ఆటంకం లేదు. ఒకవేళ వాడుతుండగా నెల తప్పితే, ఆ పూటే మందు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇదంతా అమెరికా గొడవ అనుకోవద్దు. మన ఇళ్లలో ఆడపిల్ల ముఖం మీది మొటిమలు పెద్దలకు కనిపించేది పెళ్లి కుదిరాకనే. ముహూర్తం మూడు నెలల్లో వుంటుంది, ఐదారు నెలల చికిత్స మొదలవుతుంది. పెళ్లినాటికి ముఖం తేటపడుతుంది, రేకు మాత్రం సూటుకేసులో అత్తవారింటికి కూడా వెళుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన ఏర్పాటు మరొకటి లేదు. పెళ్లి తేదీ డాక్టరుకు మొదటిరోజే చెప్పాలి. తేదీ దగ్గరలో వుంటే ఆయన వేరే మందు రాస్తారు, లేదా పెళ్లికి నెల ముందే ముగిసేటట్టు చూస్తారు. తల్లి పక్కన కూర్చుని వుండగా కొన్ని నిజాలు నోటికి రావు. "డాక్టరుగారూ, నేను విడిగా మాట్లాడాలి" అని అడగటం తప్పు కాదు, సిగ్గుపడవలసినదీ కాదు.

మగవాళ్లు వాడితే భార్య గర్భానికి హాని వున్నట్టు ఆధారాలు లేవు. కాని వాళ్లకూ ఒక నియమం వుంది, దాన్ని మన సంఘం వాళ్లు కూడా పట్టించుకోవాలి. ఈ మందు వాడుతున్నవాళ్లు, ఆపి నెల తిరగనివాళ్లు రక్తదానం చేయకూడదు. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో ఎవరికి తెలుసు? శిబిరం నాడు స్నేహితులు బలవంతం చేస్తే మొహమాటపడి చెయ్యి చాపేవాళ్లు వుంటారు. రక్తదాన శిబిరాల్లో "ఏ మందులు వాడుతున్నారు" అన్న గడిని ఖాళీగా వదలనివ్వకూడదని కార్యకర్తలకు మనవి.

మనసు సంగతి ఒకటి మిగిలింది. ఈ మందు వాడుతున్నవాళ్లలో కొందరికి దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు కలిగిన సంఘటనలు నమోదయ్యాయి. పెద్దసంఖ్యలో రోగులను గమనించిన అధ్యయనాల్లో మొత్తం మీద అలాంటి ప్రమాదం పెరిగినట్టు తేలలేదు. తీవ్రమైన మొటిమలే మనిషిని కుంగదీస్తాయి గనుక ఏది దేనివల్లనో విడదీయటం కష్టం. అయినా జాగ్రత్త అవసరమనే బ్రిటన్‌లో 2023లో 18 యేళ్లలోపు వాళ్లకు ఇద్దరు వైద్యనిపుణులు ఒప్పుకుంటేనే ఈ మందు మొదలుపెట్టాలన్న నియమం తెచ్చారు. గతంలో దిగులు జబ్బుకు చికిత్స పొందినవాళ్లు దాన్ని దాచకుండా చెప్పాలి. హాస్టల్లో వుండేవాళ్లు మందు మొదలుపెట్టిన సంగతి ఒక్క స్నేహితుడికైనా చెప్పి వుంచాలి. నిద్ర, తిండి, మాట తీరు మారితే ముందు గమనించేది గదిలో వున్నవాడే. రూమ్మేటు వల్ల నిజమైన ఉపయోగం ఇది, రేకు పంచుకోవటం కాదు.

అసలు విషయం కాకపోయినా చెప్పక తప్పనిది మరొకటి. క్యాప్సూలంటే భయపడి కొందరు "తెల్లబడే క్రీము" కొంటారు. వాటిలో చాలావాటిలో వుండేది బలమైన స్టెరాయిడ్. వారంలో ముఖం నిగనిగలాడుతుంది. కొన్ని నెలల్లో చర్మం పలచబడి, ఎర్రబడి, కొత్త మొటిమలు మొలుస్తాయి. మానేద్దామంటే మంట. స్టెరాయిడ్ పాడుచేసిన ముఖానికి మన చర్మవైద్యులు ఒక ప్రత్యేకమైన పేరే పెట్టుకోవలసి వచ్చిందంటే, ఈ అలవాటు ఎంత ముదిరిందో వూహించండి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి చేర్చింది. ట్యూబు మీద బీటామెథజోన్, క్లోబెటసాల్, మోమెటజోన్ అన్న పేర్లు కనిపిస్తే ముఖానికి రాయకండి. ఇప్పటికే చాలాకాలంగా రాస్తున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించండి.

డబ్బుకు వెనకాడేవాళ్లకు ఒక మాట. హైదరాబాదు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. క్యూ పెద్దది, వాస్తవమే. ఉదయాన్నే వెళ్లండి, క్లాసు పోయిందని నేనేమీ అనను. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులూ, మింగిన రేకులూ, ఖాళీవైనా సరే, అన్నీ ఒక సంచిలో వేసి తీసుకుపోండి. పేర్లు మీకు గుర్తు లేకపోయినా డాక్టరు వాటిని చూసి తెలుసుకుంటారు.